లాటరీలో సీటొచ్చింది, పంపాలా వద్దా?

అమెరికాలో ఇల్లు వెతుక్కునే తెలుగు దంపతులు ముందు చూసేది వంటగది కాదు, స్కూలు రేటింగ్. ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది కాబట్టి, పదికి తొమ్మిదో పదో ఉన్న స్కూలు హద్దులో పడితే చాలు, గదులు ఇరుకైనా, ధర నాలుగు డబ్బులు ఎక్కువైనా సంతకం పెట్టేస్తారు. అరిజోనాలో, ముఖ్యంగా ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న చాండ్లర్, స్కాట్స్‌డేల్ లాంటి చోట్ల, ఈ లెక్క అంతటితో తెగదు. చిరునామాతో పనిలేని, ఫీజు లేని, దేశంలోనే ముందు వరుస ర్యాంకులు తెచ్చుకునే చార్టర్ స్కూళ్లు అక్కడున్నాయి. దరఖాస్తులు సీట్లకు మించితే లాటరీ తీస్తారు. పేరు తగిలిందంటే ఆ రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో అభినందనలే అభినందనలు. అందరూ పడుకున్నాక భార్యాభర్తల మధ్య అసలు చర్చ మొదలవుతుంది. పిల్లాడు ఆ చదువు తట్టుకోగలడా?

చార్టర్ అంటే ప్రైవేటు బడి కాదు. ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం కింద, బయటి సంస్థ నడిపే బడి. పిల్లాడు ఎక్కడ చేరితే అతని వంతు నిధులు అక్కడికి వెళ్తాయి. 1991లో మిన్నెసోటా ఇందుకు తొలి చట్టం చేసింది, మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో తొలి బడి తెరిచారు. 1994లో అరిజోనా అదే దారి పట్టి, చాలా రాష్ట్రాలకంటే ధారాళంగా అనుమతులిచ్చింది. ఇప్పుడు అక్కడి ప్రభుత్వ విద్యార్థుల్లో దాదాపు ఐదుగురికి ఒకరు చార్టర్లలోనే చదువుతున్నారు. ప్రవేశ పరీక్ష పెట్టకూడదు, ఫీజు పుచ్చుకోకూడదు. అన్నో అక్కో అక్కడే చదువుతుంటే తమ్ముడికి, చెల్లికి ముందు వరుస, మిగతావాళ్లకు లాటరీ. చార్టర్లన్నీ పిల్లల్ని పిండేసేవేమీ కావు. కళలకు పేరుపడ్డవీ, చదువు మధ్యలో ఆపేసినవాళ్లకోసం పెట్టినవీ, గ్రేట్ హార్ట్స్ లాగా ప్రాచీన సాహిత్యాన్ని ముందు పెట్టేవీ ఉన్నాయి. తెలుగు ఇళ్లలో మాత్రం ఎక్కువగా వినిపించే పేరు బేసిస్.

దీన్ని 1998లో టూసాన్‌లో మొదలుపెట్టినవాళ్లు మైకేల్, ఓల్గా బ్లాక్ దంపతులు. ఆయన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, ఆమె చెక్ దేశం నుంచి వచ్చినవారు. అమెరికా బడుల్లో చదువు పలచబడిందనీ, ప్రపంచంలో మేటి దేశాల పిల్లలతో తూగేలా పెంచాలనీ వాళ్ల పట్టుదల. అందుకే అక్కడ మిడిల్ స్కూల్లోనే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడి సబ్జెక్టులుగా వచ్చేస్తాయి. ఏడాది చివర అన్ని పాఠాలూ కలిపి 'కాంప్స్' అనే పరీక్షలు పెడతారు. అవి గట్టెక్కితేనే పై తరగతి. హైస్కూలుకు వచ్చేసరికి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అందరూ ఏపీ అని పిలిచే కాలేజీ స్థాయి కోర్సులు వరసపెట్టి వస్తాయి. 2018లో యూఎస్ న్యూస్ పత్రిక అమెరికా హైస్కూళ్లకు ర్యాంకులిస్తే మొదటి ఐదు స్థానాలూ అరిజోనాలోని బేసిస్ బడులవే. చాండ్లర్ శాఖ రెండోది. ఇంటెల్ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో, ఇంజనీర్లు కాపురాలు పెట్టిన కాలనీల మధ్య, ఆ వార్త ఎంత సందడి చేసి ఉంటుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ చదువు ఇంట్లో ఎలా కనిపిస్తుందో తెలియాలంటే ఆ పిల్లల సంచిలో ఉండే 'కమ్యూనికేషన్ జర్నల్' తెరిచి చూడాలి. ఏ పీరియడ్‌కు ఆ పీరియడ్ హోంవర్కు అందులో రాసుకోవాలి. సాయంత్రం ఆ ఒక్క పేజీ చూస్తే చాలు, రాత్రి ఎన్నింటికి దీపం ఆరుతుందో అమ్మకు అర్థమైపోతుంది. లెక్కలు పది, కెమిస్ట్రీ నోట్సు, చరిత్రలో ఒక పేరా, శుక్రవారం బయాలజీ టెస్టు. బడికి పసుపు బస్సు లేదు కాబట్టి నాలుగిళ్లవాళ్లు కలిసి కార్లు వంతులేసుకుంటారు. ఎవరి వంతు ఎప్పుడో గ్రూపులో ఆదివారమే తేలిపోవాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య నిపుణుల సంఘం చెబుతుంది. ఉదయం ఆరున్నరకు లేవాల్సిన పదకొండేళ్ల పిల్ల తొమ్మిదిన్నరకల్లా నిద్రపోవాలన్నమాట. కూచిపూడి క్లాసు ఏడున్నరకు ముగిస్తే, భోజనం పోగా ఆ జర్నల్ పేజీకి మిగిలేది గంటంపావు. అది చాలని రోజున ముందుగా కోత పడేది నిద్రకు, ఆ తర్వాత ఆదివారపు మనబడికి. తెలుగు క్లాసు మానేస్తే మార్కులు పోవు కదా!

ఇంత చెప్పాక ఆ బడుల మీద దుమ్మెత్తి పోస్తున్నామనుకోవద్దు. బడి స్థాయి చాలక విసుగెత్తిన పిల్లలకు అలాంటి చోటు నిజంగా ప్రాణం లేచొచ్చినట్టే ఉంటుంది. పాఠం అందరికంటే ముందే అర్థమై, గంటసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లాడికి తనలాంటివాళ్లు పదిమంది దొరకడం చిన్న విషయం కాదు. లెక్కలంటే ఇష్టమని చెప్పుకోడానికి సిగ్గుపడనక్కర్లేని తరగతి గది ప్రతి ఊళ్లోనూ ఉండదు. ఏపీ పరీక్షల్లో మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీలు దాన్ని కాలేజీ క్రెడిట్ కింద జమ వేసుకుంటాయి. డిగ్రీలో ఒక సెమిస్టర్ ఫీజు తగ్గినా తల్లిదండ్రుల నెత్తిన పాలు పోసినట్టే.

చిక్కల్లా ర్యాంకును చూసి నిర్ణయం తీసుకోవడంలో ఉంది. 2018 నాటి యూఎస్ న్యూస్ సూత్రంలో మొగ్గంతా ఏపీ పరీక్షల వైపే. పన్నెండో తరగతి పిల్లల్లో ఎంతమంది వాటిని రాశారు, ఎంతమంది గట్టెక్కారన్నది చూసేవారు. వాషింగ్టన్ పోస్ట్ విలేకరి జే మాథ్యూస్ తయారుచేసిన 'ఛాలెంజ్ ఇండెక్స్' ఇంకా సులువు. బడిలో రాసిన పరీక్షల సంఖ్యను ఆ ఏడాది చదువు ముగించినవాళ్ల సంఖ్యతో భాగిస్తే సరి. అందరిచేతా ఏపీలు రాయించే బడి అలాంటి పట్టికలో పైన ఉండక ఎక్కడ ఉంటుంది? ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో 'మనవల్ల కాదు' అని వెళ్లిపోయిన పిల్లలు ఆ భాగహారంలో కనపడరు. 2019లో యూఎస్ న్యూస్ సూత్రం మార్చేసరికి మొదటి స్థానం సౌత్ కరొలైనాలోని అకడెమిక్ మ్యాగ్నెట్ హైస్కూలుకు పోయింది. బేసిస్ స్కాట్స్‌డేల్ అప్పుడూ ముందు వరుసలోనే ఉంది కనుక ఆ బడి సత్తాను శంకించనక్కర్లేదు. అయితే ఏడాది తిరిగేసరికి స్థానాలు తారుమారు చేసే పట్టికను నమ్మి పన్నెండేళ్ల పిల్ల దినచర్యను తిరగరాయడం ఎంతవరకు సబబు?

చివరిదాకా మిగిలినవాళ్లను చూసి బడిని కొలిస్తే ఏమవుతుందో చెప్పడానికి న్యూయార్క్ ఉదాహరణ ఒకటి చాలు. ఈవా మోస్కోవిట్జ్ 2006లో హార్లెంలో సక్సెస్ అకాడమీ పేరుతో చార్టర్ తెరిచారు. పేద, నల్లజాతి, లాటిన్ అమెరికన్ కుటుంబాల పిల్లలు రాష్ట్ర పరీక్షల్లో సంపన్న శివార్ల పిల్లల్ని దాటేసి దేశాన్ని ఆశ్చర్యపరిచారు. అది కాదనలేని విజయం. ఆ తొలి ఏడాది ఫస్ట్ గ్రేడ్‌లో చేరినవాళ్లు 73 మంది. 2018లో ఆ నెట్‌వర్క్ తొలి గ్రాడ్యుయేషన్ జరిపినప్పుడు వేదిక ఎక్కినవాళ్లు 16 మంది. పదహారుగురూ కాలేజీలకు వెళ్లారు. మిగతా 57 మందీ ఒత్తిడికి తాళలేకే వెళ్లిపోయారనడం తప్పు. ఇల్లు మారినవాళ్లుంటారు, వేరే బడి నచ్చినవాళ్లుంటారు. కానీ సీటు వచ్చిందని సంబరపడే తల్లి తన పిల్లను ఊహించుకునేది ఆ పదహారుగురిలోనే తప్ప ఈ 57 మందిలో కాదు.

ఇంతకీ కఠినమైన బడి వల్ల మేలెంత? స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో బృందం 2023లో వెలువరించిన దేశవ్యాప్త అధ్యయనంలో, చార్టర్ విద్యార్థులు పక్కనున్న జిల్లా బడుల (చిరునామాను బట్టి సీటిచ్చే మామూలు ప్రభుత్వ బడుల) పిల్లలకంటే ఏడాదికి చదవడంలో 16 రోజులు, లెక్కల్లో 6 రోజుల చదువుకు సమానమైన ముందంజలో ఉన్నారని తేలింది. ఆ లాభంలో ఎక్కువ భాగం నగరాల్లోని నల్లజాతి, లాటిన్ అమెరికన్, పేద పిల్లలది. బోస్టన్ చార్టర్లలో లాటరీ గెలిచినవాళ్లనూ ఓడినవాళ్లనూ పోల్చిచూసిన ఆర్థికవేత్తలకూ గట్టి లాభమే కనపడింది. ఆ బృందంలోని జాషువా ఆంగ్రిస్ట్ 2021లో నోబెల్ అందుకున్నారు. ఆయనా, పరాగ్ పాఠక్ తదితరులూ బోస్టన్, న్యూయార్క్‌లలో ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే పేరుమోసిన ప్రభుత్వ స్కూళ్లను కూడా తూచారు. కటాఫ్‌కు ఒక మార్కు పైన ఉండి సీటు పొందినవాళ్లకూ, ఒక మార్కు తక్కువై తప్పిపోయినవాళ్లకూ తర్వాతి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ స్కూళ్లు మామూలు పిల్లల్ని మెరికల్లా మార్చడంలేదు, మెరికల్ని ఏరుకుంటున్నాయి. చాండ్లర్ ఇంజనీరు ఇంట్లో పుస్తకాలకూ, సందేహం తీర్చే పెద్దలకూ కొదవ లేదు. బోస్టన్ పేదపేటల పిల్లాడికి చార్టర్ ఇచ్చినంత లాభం ఆ ఇంటి పిల్లాడికీ వస్తుందని ఈ పరిశోధనలు చెప్పడంలేదు.

నష్టం వైపు కూడా పరిశోధన ఉంది. దానికి ఆద్యురాలు ఢిల్లీలో పుట్టి పెరిగిన మనస్తత్వ శాస్త్రవేత్త సునియా లూథర్. యేల్‌లో డాక్టరేట్ చేసిన ఆవిడ పేదపేటల పిల్లల కష్టాలను అధ్యయనం చేస్తూ, పోలికకోసం సంపన్న శివారు బడి పిల్లల్ని తీసుకున్నారు. తీరా చూస్తే మత్తు అలవాట్లు, ఆందోళన ఆ సంపన్న బడిలోనే ఎక్కువగా కనిపించాయి. ఆ దారిలో ఆవిడ రెండు దశాబ్దాలపైన పనిచేశారు. చివరి ఏళ్లలో పాఠాలు చెప్పింది అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోనే. 2019లో అమెరికా జాతీయ అకాడమీలు పిల్లల ఆరోగ్యం మీద ఇచ్చిన నివేదిక, 'హై అచీవింగ్ స్కూళ్ల' పిల్లల్ని ముప్పున్న వర్గాల్లో చేర్చింది. పేదరికం, కొత్తగా వలస రావడం, జైల్లో ఉన్న తల్లిదండ్రులు వంటి కష్టాల సరసన మంచి బడి పేరు రావడం చాలామందికి మింగుడుపడలేదు. 2023లో కన్నుమూసిన లూథర్, తన సహచరులతో కలిసి ఆరో తరగతి పిల్లలు ఐదొందల మందిని అడిగిన ఒక ప్రశ్న తెలుగు తల్లిదండ్రులకు పనికొస్తుంది. మీ అమ్మానాన్నలకు మీలో ఏది ముఖ్యం, మార్కులూ ముందుముందు ఉద్యోగమా, లేక ఇతరుల పట్ల దయా మర్యాదా? రెండోదానికి కనీసం మొదటిదానితో సమాన విలువ ఉందని నమ్మిన పిల్లలు మానసికంగా కుదురుగా ఉన్నారు, మార్కులూ వాళ్లకే మెరుగ్గా వచ్చాయి. తల్లిదండ్రులు నిజంగా ఏమనుకుంటున్నారో ఆ అధ్యయనం అడగలేదు. పిల్లలకు ఎలా తోస్తోందో అడిగింది.

హెర్బర్ట్ మార్ష్ అనే మరో పరిశోధకుడు పెద్ద చేప, చిన్న చెరువు అని పేరుపెట్టిన సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఒకే తెలివితేటలున్న ఇద్దరిలో, మేటి విద్యార్థుల మధ్య కూర్చున్నవాడే తన చదువుమీద తనకు తక్కువ అంచనా పెంచుకుంటాడు. జిల్లా బడిలో 'లెక్కల రాజు' అనిపించుకున్న పిల్లాడు కొత్త బడిలో మధ్య బెంచీకి చేరి, నాకు లెక్కలు రావని తేల్చేసుకునే ప్రమాదం ఉంది. వాడికి లెక్కలు నిన్న ఎంత వచ్చో ఇవాళా అంతే వచ్చు.

చదువు ఒత్తిడి మీద ఈ వాదన ఊరిని ఎలా చీల్చగలదో 2015లో న్యూజెర్సీలోని వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో చూపించింది. అక్కడివి చార్టర్లు కావు, జిల్లా బడులే. భారతీయ, చైనా కుటుంబాలు ఆ బడుల కోసమే అక్కడ ఇళ్లు కొనుక్కున్నాయి. సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకు 16 పేజీల ఉత్తరం రాశారు. ముందటి ఏడాది 120 మంది పిల్లల్ని మానసిక పరీక్షలకు పంపాల్సి వచ్చిందనీ, 40 మంది ఆస్పత్రి పాలయ్యారనీ చెప్పారు. హైస్కూల్లో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు ఎత్తేసి, చిన్న తరగతుల ప్రత్యేక లెక్కల కోర్సుకు కత్తెర వేశారు. తెల్లవాళ్లలో చాలామంది హమ్మయ్య అన్నారు. ఆసియా కుటుంబాల్లో చాలామంది మా పిల్లల చదువు పలచన చేస్తున్నారని సమావేశాల్లో నిలదీశారు. వలస వచ్చినవాళ్ల భయంలోనూ న్యాయం ఉంది. తాతల పేరుగానీ, పైరవీ చేసే చుట్టంగానీ లేని దేశంలో చదువొక్కటే చేతిలో ఉన్న ఆయుధం. దాని పదును తగ్గిస్తామంటే ఒప్పుకోవడం కష్టం.

తెలుగు తల్లిదండ్రుల భయానికి ఇంకో పొర ఉంది. వాళ్లలో చాలామంది విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో ఎంసెట్ కోసం తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేచినవాళ్లే. చార్టర్ సీటు రాగానే ఆ రెండేళ్లు గుర్తొచ్చి ఒకరు 'మనం చదవలేదా, మనకేమైంది' అంటారు. ఇంకొకరు 'మళ్లీ అదేనా' అంటారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటం మామూలే. సొంత రాష్ట్రాల్లో ఆ కథ ఎంత దూరం వెళ్లిందో అందరికీ తెలుసు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దన్నది అందులో ఒకటి.

అయితే బేసిస్‌నూ ఆ హాస్టల్‌నూ ఒకే గాటన కట్టడం అన్యాయం. చార్టర్ పిల్ల సాయంత్రం ఇంటికొస్తుంది, అమ్మ పక్కన కూర్చుని అన్నం తింటుంది. అంతకంటే పెద్ద తేడా తలుపు విషయంలో ఉంది. కార్పొరేట్ కాలేజీలో ఏడాది ఫీజు ముందే కట్టేసి, సర్టిఫికెట్లు వాళ్ల చేతికిచ్చాక బయటికి రావడం ఎంత కష్టమో పడ్డవాళ్లకు తెలుసు. అరిజోనా చార్టర్‌లో కట్టిన ఫీజూ లేదు, పోయే డిపాజిటూ లేదు. సోమవారం మానేస్తే మంగళవారం జిల్లా బడిలో కూర్చోవచ్చు. ఆ జిల్లా బడీ తీసిపారేసేది కాదు. చాండ్లర్ జిల్లాలోని హ్యామిల్టన్ హైస్కూల్, అరిజోనా కాలేజ్ ప్రెప్‌లలోనూ ఏపీ కోర్సులున్నాయి, దేశం నలుమూలలా కాలేజీలకు వెళ్లే పిల్లలున్నారు. పైగా బ్యాండూ ఉంది, ఫుట్‌బాల్ మైదానమూ ఉంది.

చట్టం బార్లా తెరిచిన ఆ తలుపును మూసేది ఇల్లే. 'ఇంతమందికి చెప్పుకున్నాం', 'అన్న చదివాడు, నీకేం', 'మధ్యలో వస్తే రికార్డు పాడవుతుంది' అన్న మాటలు గడియలా పడతాయి. వాటిలో మూడోది నిజం కూడా కాదు. బడి మారినందుకు ఏ యూనివర్సిటీ పిల్లను తిప్పి పంపదు. కాబట్టి సీటొస్తే పంపొచ్చు, భేషుగ్గా పంపొచ్చు. కానీ తిరిగి రావడం ఓటమి కాదని మొదటిరోజే పిల్లకు చెప్పి పంపాలి. ఆ మాట చెప్పడానికి నోరు రానివాళ్లు లాటరీలో పేరు ఇవ్వకపోవడమే మంచిది.

తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు ఏ కాలేజీల్లో సీట్లొచ్చాయని అందరూ అడుగుతారు, ఆ జాబితా తెర మీద ఎలాగూ చూపిస్తారు. ఇప్పుడు పన్నెండో తరగతిలో ఉన్నవాళ్లు ఆరులో ఉన్నప్పుడు ఎంతమంది, ఇప్పుడెంతమంది అని అడగాలి. ఈ ఏడాది మధ్యలో ఎందరు టీచర్లు మారారు, కాంప్స్ తప్పిన పిల్లకు వేసవిలో ఎవరు పాఠం చెబుతారు అని అడగాలి. చేరిన తర్వాత బడి చెప్పే సగటు లెక్కల్ని పక్కనపెట్టి, జర్నల్ పేజీ పక్కన పిల్ల పడుకున్న సమయం రాసి చూడాలి. ఏడాది మధ్యలో ప్రీ-కాంప్స్ వస్తాయి. అవి ముగిసిన వారంలో పిల్లను కూర్చోబెట్టి, మార్కుల ఊసెత్తకుండా, ఇక్కడే ఉంటావా అని ఒక్కమాట అడగాలి. ఏ జవాబు వచ్చినా వినడానికి సిద్ధపడి అడగాలి.

వద్దంటే, చాండ్లర్ జిల్లా బడి తన హద్దులో ఉన్న పిల్లను ఏడాది మధ్యలోనైనా చేర్చుకుంటుంది. అందుకు చిరునామా రుజువు, పుట్టినతేదీ సర్టిఫికెట్, టీకాల కార్డు వంటి కాగితాలు ఉంటే చాలు.